మూడుసార్లు గుంజితే

మిషిగన్ సరస్సు మీద చీకటి పడింది. పడవలో లూసీ ఒక్కతే తాడు పట్టుకుని పళ్ళు కొరుకుతోంది. రెండో కొసను నడుముకు కట్టుకుని, అడుగున మునిగిన పాత ఓడను చూడడానికి తమ్ముడు లెవి గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ళలోకి దిగాడు. తాడు ఒకసారి గుంజితే 'బాగున్నావా' అని. తిరిగి ఒకసారి గుంజితే 'బాగున్నాను' అని. మూడుసార్లు గుంజితే 'పైకి లాగు' అని. అక్కాతమ్ముళ్ళ ఒప్పందం అది.

వస్తానన్న టైమ్ దాటిపోయింది. గుంజిన ప్రతిసారీ జవాబు మాత్రం వస్తూనే ఉంది.

"రానీ, వీడి చెవులు మెలేస్తాను."

వెనక నీళ్ళ చప్పుడయింది. లెవి పడవెక్కాడు. నడుముకు తాడు లేదు.

"సారీ అక్కా. వెళ్ళగానే తాడు ఓడ లోపల చిక్కుకుంటే, కట్ చేసేశా."

"లోపలికి వెళ్ళనని చర్చిలో మాటిచ్చావు కదరా, వెధవా! మరి ఇంతసేపూ నాకు జవాబిచ్చింది ఎవడు?"

"జోక్ చెయ్యకక్కా. లోపల ఎవరూ లేరు," నవ్వాడు లెవి.

ఒళ్ళు మండి ఆమె తాడు విసిరేయబోయింది. అరచేతిలో అది బిగిసింది. ఒకసారి. రెండుసార్లు.

లెవి నవ్వు ఆగిపోయింది.

మూడోసారి పడవంతా ఒరిగింది. ఆ గుంజడంలో లూసీ కోపం కన్నా పెద్ద కోపం ఉంది.