పేస్టు పెట్టిన చెయ్యి

“మీ షెడ్డులో ఇంజను కింది ఆయిల్ సంపు విప్పి బిగించి మూడు వారాలు కాలేదు. అప్పుడే ఆయిల్ లైటు వెలిగితే నేనెవరితో చెప్పుకోను?” బ్రెడ్డు వ్యాను డ్రైవరు తాళంచెవి బల్ల మీద పడేశాడు. “పాత ఇంజను కదా, బేరింగులు పోయాయని చెప్పి చేతులు దులుపుకోకండి.”

షెడ్డు నడిపే మెకానిక్ ఆ మాటకు నొచ్చుకోలేదు. చేతులు తుడుచుకుని, లైటు ఎప్పుడు వెలుగుతోందో, చప్పుడేమైనా వచ్చిందో అడిగింది. వంతెన ఎక్కుతుంటే వెలిగిందట. ఇంజను పైభాగం నుంచి టకటకమని మోత వచ్చిందట. అతను అక్కడే ఆపేసి, ఇంకో బండికి కట్టి లాక్కొచ్చాడు. ఇంజను పోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆమె గేజి కడ్డీ తీసి చూసింది. ఆయిల్ నిండుగానే ఉంది. లైటుకు కబురందించే సెన్సరు అబద్ధం చెబుతోందేమోనని దాన్ని విప్పి, ఆ కన్నానికి ప్రెషరు మీటరు బిగించింది. స్టార్టు చేయగానే ముల్లు లేచింది. యాక్సిలేటరు తొక్కితే ఇంకా లేవాలి. అది జారిపోయింది. వెంటనే ఆపేసింది.

బేరింగులు అరిగితే వేగం పెంచినప్పుడు ముల్లు కాస్తయినా లేస్తుందని, ఇక్కడ పంపుకే ఆయిల్ అందడం లేదని డ్రైవరుకు చెప్పింది. మరి విప్పండి అన్నాడతను. స్పానరు చేతిలో ఉంది గానీ ఆమె చెయ్యి కదల్లేదు. మూడు వారాల క్రితం ఆ సంపు బిగించింది వాళ్ళ నాన్న.

ఊరంతా ఆయన్ను పెద్దమేస్త్రి అంటుంది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. ఇప్పుడు షెడ్డు వెనక కుర్చీలో కూర్చుని, డబ్బాలోని బోల్టులు సైజుల వారీగా ఏరుతున్నాడు.

ఆమె వ్యాను కిందికి దూరి సంపు దింపింది. పంపు ఆయిల్ పీల్చుకునే జాలీకి బూడిదరంగు పేస్టు ముక్కలు దట్టంగా అంటుకుని ఉన్నాయి. ఆయిల్ కారకుండా సంపు అంచుకు పూసిన పేస్టు లోపలికి పొంగి, వేడి ఆయిల్లో ఊడి, పీకకు అడ్డం పడింది. కాటుక పెట్టినట్టు సన్నగా పెట్టాలని ఆమెకు నేర్పింది ఆయనే. ఇక్కడ మాత్రం గోడకు సిమెంటు మెత్తినట్టు మెత్తి ఉంది.

పోయిన వారం ఆయన ఒక కారు చక్రానికి రెండు నట్లు వదులుగా వదిలేశాడు. ఆయన చూడకుండా ఆమె బిగించింది. చూపు తగ్గిందంతే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. గురువారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఒక బేరింగు విప్పి చూసింది. గీతలు పడలేదు. ఇంజను దక్కింది. జాలీ పట్టుకుని బయటికి వచ్చేసరికి పెద్దమేస్త్రి అక్కడే నిలబడి ఉన్నాడు.

“ఎవరు చేశారు ఈ పని?” అన్నాడు జాలీ అందుకుని.

“నేనే,” అంది.

డ్రైవరు చటుక్కున తల తిప్పాడు. ఆ రోజు వ్యాను కింద పడుకున్నదెవరో అతను కళ్ళారా చూశాడు. ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

పెద్దమేస్త్రి ఒక ముక్క గిల్లి వేళ్ళ మధ్య నలిపాడు. “ఇది పేస్టా, సున్నమా? పదిమందికి రొట్టె మోసే బండి ఇది. అతని పొట్ట మీద కొట్టావు. చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. పని రాని చెయ్యి ఇంజనులో పెట్టకూడదు.”

ఒక్కో మాటా ఆమె గుండెలో దిగింది. అవన్నీ ఎవరికి తగలాల్సినవో తెలుసు కాబట్టే తల వంచుకుని నిలబడింది. అయినా లోలోపల చిన్న ఊరట. ఆ వేళ్ళు పని మరిచిపోలేదు. కళ్ళే మోసం చేశాయి. కళ్ళకైతే వైద్యం ఉంది.

కిరసనాయిలులో జాలీ కడిగింది. సంపు అంచు గీకి శుభ్రం చేసింది. ఆయన పక్కనే నిలబడి చూస్తుండగా పేస్టు సన్నటి గీతలా పెట్టి బిగించింది. కొత్త ఆయిల్ పోసి స్టార్టు చేస్తే ముల్లు లేచి నిలబడింది. ఎంత తొక్కినా జారలేదు, మోతా రాలేదు.

డ్రైవరు తాళంచెవి తీసుకున్నాడు. వచ్చినప్పటి కోపం ఎటు పోయిందో. ఏ రిపేరు వచ్చినా ఇక్కడికే వస్తానమ్మా అని, పెద్దమేస్త్రికి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

ఆమె కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటోంది. పెద్దమేస్త్రి వెనకే వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి అందించాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన గొంతు అంత మెత్తగా వినిపించింది.

“ఇందాక నలుగురిలో కసిరాను. మనసులో పెట్టుకోకమ్మా.”

“ఫర్వాలేదు నాన్నా,” అంది తువ్వాలు అందుకుంటూ.

ఆ పిలుపుకు ఆయన మొహమాటంగా నవ్వాడు. “నీ చేతిలో పనితనం ఉంది. ఇలాంటి చెయ్యి నేనెక్కడా చూడలేదు,” అన్నాడు. “ఇంతకీ నువ్వెవరి అమ్మాయివమ్మా?”