ఆ కుర్చీలోంచి లేవకండి

ఏడో వికెట్ పడింది.

నర్సింగ్ హోమ్ కింది హాల్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా "ఛ!" అన్నారు. కాలికి కట్టున్న పెద్దాయన చేతికర్రతో నేలను బాదాడు. మెడలో టేపు కూడా తీయకుండా దుకాణం నుంచి పరిగెత్తుకొచ్చిన దర్జీ మాత్రం టీవీని వదిలేసి, పక్క కుర్చీలోని నీలం చొక్కా ఆయన వైపు చూశాడు.

"లేచారా?"

"లేవబోయాను, అంతే" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

"అది చాలదూ! ఇందాక ఫోన్ తీశారు, ఒకడు పోయాడు. చెప్పు సరిచేసుకున్నారు, ఇంకొకడు పోయాడు. ఇప్పుడిది. దండం పెడతాను సార్, ఫోన్ సంచిలో పడేసి కదలకుండా కూర్చోండి."

ఆయన ఫోన్ సంచిలో పడేసి కూర్చున్నాడు.

టెస్టు చివరి రోజు. టీ వేళకు మనవాళ్లు రెండు వికెట్లకు నూట అరవై. సాయంత్రం దాకా కాళ్లు కదపకుండా నిలబడితే చాలు, మ్యాచ్ డ్రా. టీ తాగి వచ్చాక ఏం పుట్టిందో, పదకొండు ఓవర్లలో ఐదుగురు వరసగా పెవిలియన్ దారి పట్టారు.

దర్జీ భార్య పై అంతస్తులో ఉంది. అపెండిక్స్. పగలకముందే తీసేయాలని పొద్దున సర్జన్ చెప్పాడు. "నొప్పి ఉన్నంతసేపూ నాకు భయం లేదు. ఉన్నట్టుండి నొప్పి ఆగిందంటేనే భయం. లోపల పగిలినట్టు" అని కూడా చెప్పాడు. మూడింటికి ఆపరేషన్ అన్నారు. ఇప్పుడు మూడుంపావు.

మెట్ల మలుపులోంచి నర్సు వంగి చూసింది.

"ఇంకాస్త ఆగాలండీ. మత్తు డాక్టరు రాలేదు. మా డాక్టరు సెలవు పెడితే బయటి నుంచి వేరే ఆయన్ని పిలిచాం. బయల్దేరానన్నారు. ఇప్పుడేమో ఫోన్ ఎత్తడం లేదు."

"ఎక్కడ చచ్చాడమ్మా?" దర్జీ లేవకుండానే అరిచాడు. "అక్కడ నా భార్య మెలికలు తిరిగిపోతుంటే! వాళ్లకీ వీళ్లకీ ఏం తేడా లేదు." తల దించుకుని పోతున్న బ్యాట్స్‌మన్‌ను చూపించాడు. "అప్పజెప్పింది ఒక్క పని. వచ్చి నిలబడి చెయ్యడానికేం రోగం?"

"బాగా అడిగావు" అన్నాడు కట్టు పెద్దాయన.

ఒడిలో కూతురి బట్టల సంచి పెట్టుకుని కూర్చున్న అత్తగారు మెల్లగా అంది. "బాబూ, ఒకసారి పైకెళ్లి చూసి రాకూడదూ? దాని మూలుగు ఇక్కడికి వినబడుతోంది."

"వినబడనివ్వండి అత్తయ్యా. నొప్పి ఉంటే ఫరవాలేదని డాక్టరే అన్నాడుగా. పొద్దుట్నుంచీ నేనీ కుర్చీలో ఉన్నాను. ఇప్పుడు లేస్తే ఎలా?"

"అయితే నేనే వెళ్తాను" అని ఆవిడ లేచింది.

ఎనిమిదో వికెట్ పడింది.

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ కూర్చుంది.

నీలం చొక్కా ఆయన గడియారం చూసుకున్నాడు. "నేను వెళ్లాలండీ. పనుంది."

"పేషెంటును చూడ్డానికేగా వచ్చారు?"

"అవును."

"పేషెంటు ఎక్కడికి పోతారు సార్? మంచం మీదే ఉంటారు. ఇంకెంత, పన్నెండు ఓవర్లు! మా అత్తయ్య లేచినప్పుడు తప్ప, మీరు కదలని ఓవరులో ఒక్క వికెట్టన్నా పడిందా? మీరే చెప్పండి."

ఆయన ఆలోచించాడు. పడలేదు. మెట్ల వైపు చూశాడు. టీవీ వైపు చూశాడు. చెయ్యి పట్టుకున్నది దర్జీయే గానీ, ఆయన విడిపించుకోనూ లేదు.

"ఒక్క ఓవరు చూసి వెళ్తాను" అన్నాడు.

ఒక్క ఓవరు నాలుగయింది. నాలుగు ఎనిమిదయింది. మధ్యలో ఆయన దగ్గాడు. తొమ్మిదో వికెట్ పడింది. కట్టు పెద్దాయన ఆయన్ని తినేసేలా చూశాడు. దర్జీ మంచినీళ్లు తెప్పించి స్వయంగా తాగించాడు, ఆయన చెయ్యి కదపక్కర్లేకుండా.

చివరి జంట. అందులో ఒకడికి బ్యాటు ఏ వైపు పట్టుకోవాలో కూడా అనుమానమే. నర్సు మళ్లీ వచ్చి ఏదో చెప్పబోయింది. దర్జీ చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ వెళ్లిపోయింది.

ఇంకా రెండు ఓవర్లుండగా పైనుంచి వస్తున్న మూలుగు ఆగింది. హాలు నిశ్శబ్దమైంది. దర్జీకి అదే బాగుందనిపించింది. అత్తగారొక్కతే తలెత్తి పైకప్పు వైపు చూసింది.

చివరి బంతి. బ్యాటుకు తగల్లేదు. వికెట్లకూ తగల్లేదు. డ్రా.

హాలు దద్దరిల్లింది. దర్జీ నీలం చొక్కా ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ వల్లే సార్! కొయ్యబొమ్మలా కూర్చున్నారు. మీరు లేచి ఉంటే మన గతేమయ్యేది?"

"నాదేముందండీ, మీరు లేవనివ్వలేదు" అన్నాడాయన నవ్వుతూ.

నర్సు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"మీ ఆవిడకు నొప్పి ఆగిపోయిందండీ."

"చూశారా అత్తయ్యా, అన్నీ కలిసొచ్చాయి!" అన్నాడు దర్జీ.

అత్తగారి ఒళ్లోంచి బట్టల సంచి జారి కింద పడింది.

నీలం చొక్కా ఆయన నవ్వు ఆపి, తన సంచిలోంచి ఫోన్ తీసి, అందులోని పదిహేడు మిస్డ్ కాల్స్ చూసుకుని, నర్సుతో అన్నాడు: "మత్తు డాక్టర్ని నేనేనమ్మా, ఆపరేషన్ థియేటరు ఎటు?"