ఇంకా నేర్చుకోవాలి

"కొత్తగా వచ్చింది నువ్వేనా? ఈ వయసులో పని నేర్చుకుంటావా?"

మేస్త్రి అలా అనగానే పంపుల ఫ్యాక్టరీ షెడ్డులో లేత్ మిషన్ల దగ్గరున్న ఎనిమిదిమంది అప్రెంటిస్‌లూ కిసుక్కున నవ్వారు.

వచ్చినతనికి నలభై అయిదు దాటి ఉంటాయి. మొహాన సోడాబుడ్డి కళ్ళద్దాలు.

"నేర్చుకుందామనే వచ్చానండీ," అన్నాడతను.

"ముందు మిషను ఎక్కడుందో కనిపిస్తోందా?"

మళ్ళీ నవ్వులు. ఆ పూట నుంచే అతని పేరు సోడాబుడ్డి అయి కూర్చుంది.

నిజానికి ఇంకొకరి కళ్ళను ఎగతాళి చేసే అర్హత ఆ షెడ్డులో మేస్త్రికే లేదు. పంపుల్లో వేసే షాఫ్టులను వెంట్రుకలో సగం తేడా కూడా రాకుండా కొలిచి పాస్ చెయ్యడం ఆయన పని. కుర్రాళ్ళకు ఆ విద్య నేర్పేదీ ఆయనే. అలాంటిది, ఏడాదిగా మైక్రోమీటరు మీది సన్నగీతలు ఆయన కళ్ళకు అలుక్కుపోతున్నాయి. ఆ సంగతి బయటపడితే ఆ రోజే ఇంటికి పంపిస్తారు.

"కళ్ళజోడు పెట్టుకోండి, ఎవరేమనుకుంటారు?" అని ఇంట్లో భార్య పోరు.

"ఇంకెంతలేవే, పది నెలలు. రిటైరయ్యాక పెట్టుకుంటా. ఇప్పుడు పెట్టుకుంటే ముప్పై ఏళ్ళ పేరు మట్టిలో కలిసిపోతుంది."

అందుకని అంచనా మీద బండి లాగిస్తున్నాడు. కొలత తన చేతివేళ్ళకే తెలిసిపోతుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

సోడాబుడ్డి పనిలో మహా నిదానం. అతను ఒక్క షాఫ్టు తయారు చేసేలోగా కుర్రాళ్ళు మూడు చేసేవారు. కొలిచిందే కొలుస్తాడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళితే తను మాత్రం షెడ్డులోనే ఉండిపోతాడు.

ఒకరోజు ఎవరూ లేనప్పుడు మేస్త్రి దగ్గరికి వచ్చి జేబులోంచి ఒక కళ్ళజోడు తీశాడు.

"మేస్త్రిగారూ, ఇది దగ్గరి చూపుకండీ. ఒక్కసారి పెట్టుకు చూడండి."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ గుడ్డితనం నాకు అంటగడతావా? ఫో, పని చూసుకో!"

ఆ సాయంత్రమే మేనేజరు గదికి వెళ్ళాడు.

"ఉత్త మట్టిబుర్ర సార్. అయిదు నెలలైనా చేతికి పని అబ్బలేదు."

మేనేజరు తన ముందున్న ఫైలు మూసేశాడు.

తర్వాతి నెలలో ఒక మధ్యాహ్నం, మర్చిపోయిన మాత్రల కోసం మేస్త్రి భోజనం మధ్యలో లేచి వచ్చాడు. షెడ్డులో ఒక మిషను తిరుగుతోంది. పొద్దున తను పాస్ చేసిన షాఫ్టుల ట్రే దాని పక్కనే ఉంది. సోడాబుడ్డి అందులోది ఒకటి మిషనుకు బిగించి, ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు.

"నేను పాస్ చేసిన సరుకు మీద చెయ్యి వేస్తావా!"

ఆ అరుపుకి కుర్రాళ్ళంతా ఎంగిలి చేతులతో పరుగెత్తుకొచ్చారు.

సోడాబుడ్డి కుర్రాళ్ళ వైపు చూశాడు. మేస్త్రి వైపు చూశాడు.

"తప్పయిపోయిందండీ."

"తప్పని తెలిసే చేస్తున్నావా? రేపటి నుంచి ఈ షెడ్డులో నువ్వయినా ఉండాలి, నేనయినా ఉండాలి!"

అతను మిషను ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. మేస్త్రి బల్ల మీది సామాను ఎప్పట్లాగే సొరుగులో సర్ది వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు.

"పీడ వదిలింది," అన్నాడు మేస్త్రి.

పది రోజులకు, పంపులు బిగించే చోటి నుంచి ఒక ట్రే వెనక్కి వచ్చింది. ఆ మర్నాడు రెండు వచ్చాయి. షాఫ్టులు బేరింగుల్లో దూరడం లేదట.

"ఇదేం చోద్యం మేస్త్రిగారూ? ఆరు నెలలుగా ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు," అన్నాడు తెచ్చినతను.

మేస్త్రి ఒక షాఫ్టు పట్టుకుని కిటికీ వెలుగులోకి వెళ్ళాడు. గీతలు అలుక్కుపోయాయి. మైక్రోమీటరు తుడుద్దామని గుడ్డ కోసం సొరుగు తడిమితే అడుగున ఏదో తగిలింది.

ఆ కళ్ళజోడే.

అటూ ఇటూ చూసి పెట్టుకున్నాడు. గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ట్రేలో సగానికి సగం లావుగా ఉన్నాయి. అన్నీ తను పాస్ చేసినవే.

రోజూ మధ్యాహ్నం అతను తిండి మానుకుని ఏం చేసేవాడో అప్పుడర్థమైంది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"ఒరేయ్," అన్నాడు కుర్రాళ్ళతో, "ఇవి పాస్ చేసింది నేనేరా. నాకు కనపడదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

కళ్ళజోడు తియ్యకుండానే మేనేజరు గదికి వెళ్ళాడు.

"తప్పంతా నాది సార్. నాకు చూపు ఆనడం లేదు. నన్ను పంపించేసి అతన్ని పిలవండి. కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తాను."

"ఎక్కడి నుంచి తెస్తారు మేస్త్రీ? రాజీనామా రాసిచ్చి, ఊరే వదిలి వెళ్ళిపోయాడు."

మేనేజరు ఒక ఫైలు ముందుకు తోశాడు.

"నేను చెప్పడమెందుకు? మీరే చదవండి."

నెలకొకటి చొప్పున అతను రాసిచ్చిన ఆరు కాగితాలు. ఆరింటిలోనూ అదే గుండ్రటి చేతిరాత, అదే మాట: 'మేస్త్రిగారి దగ్గర ఇంకా నేర్చుకోవాలి. మరో నెల గడువు ఇవ్వండి.'

మేస్త్రి అన్నిటికన్నా అడుగునున్న కాగితం తీశాడు.

అది అతన్ని ఉద్యోగంలోకి తీసుకున్నప్పటి ఉత్తర్వు: 'తనిఖీ పనిలో ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఇతణ్ణి, చూపు తగ్గిన మేస్త్రి స్థానంలో నియమిస్తున్నాము. ఇక్కడి పని నేర్చుకున్నానని ఇతను రాసిచ్చిన మర్నాడే పాత మేస్త్రిని ఇంటికి పంపాలి.'