బొమ్మల మీద బాబ్జాన్ పేరు

హలో... హలో... వినపడుతోందా? ఆత్మకూరు వాళ్ళూ, ఉదయగిరి వాళ్ళూ, వింజమూరు నుంచి గల్ఫ్ దాకా ఉన్న మనవాళ్ళందరూ బాగున్నారా? టీ తాగుతూ ఉంటే తాగుతూనే వినండి. కథ చిన్నదే, గొడవే పెద్దది.

"ఏందిరా ఇది?"

ఆత్మకూరులో మాలకొండయ్య అరిచిన అరుపుకి వీధిలో పోయే ఆటో కూడా స్లో అయింది.

అతని చేతిలో చిన్న ప్లాస్టిక్ ఏనుగు ఉంది. దాని పొట్ట మీద నల్లటి పర్మనెంట్ మార్కర్‌తో 'బాబ్జాన్' అని రాసి ఉంది. సింహం మీద బాబ్జాన్. జిరాఫీ మెడ పొడుగునా బాబ్జాన్. అట్టపెట్టెలో ఉన్న ప్రతి బొమ్మ మీదా అదే పేరు.

అవి మాలకొండయ్య చిన్నప్పుడు టూత్‌పేస్టు డబ్బాల్లో ఫ్రీగా వచ్చిన బొమ్మలు. ఇప్పుడు కావాలన్నా దొరకవు. చుట్టాల పిల్లలు కిందపడి ఏడ్చినా అద్దాల బీరువాలోంచి తీసేవాడు కాదు. ఉదయగిరి బడిలో పాత వస్తువుల ఎగ్జిబిషన్ అంటే మొదటిసారి బయటికి పంపాడు. మోకాలి నొప్పితో తను పోలేక స్నేహితుడు బాబ్జాన్ చేతికిచ్చి, తోడుగా కొడుకు సుధీర్‌ని పంపాడు. తిరిగొచ్చిన పెట్టె ఇది.

"ఎవరు రాసినారు?"

"నేనే," అన్నాడు బాబ్జాన్, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి.

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకో ఒకందుకు. అట్నే ఉండనీ. తుడవబాక."

"అట్నే ఉండనీనా? ఇవేమన్నా నీ టెంట్ హౌస్ కుర్చీలనుకున్నావా, పెళ్ళిలో మారిపోతాయని పేరు రాసుకోను?"

బాబ్జాన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎగ్జిబిషన్‌లో నలుగురూ చూసి నీవేననుకోవాలనా? ఆ ఒంటె చిన్నప్పుడు నువ్విచ్చిందే. దాని మీద రాసుకో, కాదనను. మిగతావన్నీ మా అవ్వ పేస్టులు కొని నాకోసం కూడబెట్టినవి గదరా!"

"మాలకొండా, నా మాట ఇను..."

బాబ్జాన్ ఏదో చెప్పబోతుంటే లోపలి గదిలోంచి సుధీర్ వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు. బాబ్జాన్ నోరు మూసుకున్నాడు. కళ్ళముందు పెరిగిన పిల్లవాడి ఎదుట మాట పడాల్సి వచ్చిందని సిగ్గేసిందేమో.

"చెప్పు!"

"చెప్పలేనురా. నన్నేమన్నా అనుకో. ఆ పేరు మాత్రం తుడవబాక."

"అయితే ఇంగ నా గడప తొక్కబాక. పో!"

బాబ్జాన్ వెళ్ళిపోయాడు. మాలకొండయ్య ఆవేశంగా లేచి, గేటుకి రంగేయగా మిగిలిన థిన్నర్ సీసా తీశాడు.

"నాయనా, ఆగాగు!" సుధీర్ ఒక్క ఉరుకున వచ్చి సీసా లాక్కున్నాడు. "థిన్నర్ తగిలితే బొమ్మే కరిగిపోద్ది. నెయిల్ పాలిష్ తుడిచేది కూడా వద్దు. నేను చెప్తా గదా, కూసో."

బజారుకి పోయి వైట్‌బోర్డు మార్కర్, స్పిరిట్, ఇయర్ బడ్స్ తెచ్చాడు. నల్లరాత మీద వైట్‌బోర్డు మార్కర్‌తో మళ్ళీ గీసి, తడి ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిచాడు. కొత్త రాతతోపాటు పాత రాత కూడా సగం ఊడి వచ్చేసింది.

"మిగిలినదానికి స్పిరిట్ నాయనా. ముందు కాలి కింద కొంచెం రాసి చూడు. బొమ్మ రంగు అంటకపోతేనే పొట్ట మీద తుడువు. గట్టిగా రుద్దబాక, గీతలు పడతాయి. అయినాక సబ్బునీళ్ళతో కడుగు."

"ఇయన్నీ నీకెట్టా తెలుసురా?"

"ఫోన్లో చూసినా."

ఏనుగు మీద పేరు పోయింది. సింహం మీదా పోయింది. జిరాఫీ మెడ దగ్గరకొచ్చేసరికి మాలకొండయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"స్పిరిట్ ఘాటా నాయనా?"

"స్పిరిట్ కాదులేరా. తోడబుట్టినోడి మాదిరి చూసినా వాణ్ణి. ఇయ్యంటే నాకు ప్రాణమని తెలిసీ ఇట్టా చేసినాడే."

"పోనీలే నాయనా. నేనుండా గదా."

ఆ ఒక్క మాటకి మాలకొండయ్య కడుపు నిండిపోయింది. కొడుకు అన్నం కూడా మానేసి తుడుస్తున్నాడు మరి.

ఫోన్ మోగింది. బాబ్జాన్. మాలకొండయ్య కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి మోగితే, బ్లాక్ చేయడం తనకి రాక ఫోన్ కొడుక్కి ఇచ్చాడు. సుధీర్ బ్లాక్ చేసి తిరిగి ఇచ్చాడు.

సాయంత్రానికి పని అయిపోయింది. మచ్చ లేదు, గీత లేదు. ఒక్క బొమ్మకి కూడా రంగు పోలేదు. మాలకొండయ్య వాటిని మురిపెంగా పెట్టెలో సర్దాడు. కుంటుకుంటూనే వంటింట్లోకి వెళ్ళి, తనే టీ పెట్టి, కొడుకు కోసం గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

సుధీర్ గోడవైపు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"అన్నా, పేర్లు రాసిన బొమ్మలు నాకొద్దన్నావు గదా, ఇప్పుడు రా... ఎగ్జిబిషన్‌లో మన బేరం ఇని బాబ్జాన్ మామ రాసినదంతా నాయన చేతనే తుడిపించినా. రేపు ఆయన మోకాలు చూపించుకోను నెల్లూరు పోతాడు, వచ్చి పెట్టె పట్టుకపో."

ఉంటానండీ. మీరు మాట్లాడటం మానేసిన స్నేహితుడు ఎవరైనా ఉంటే, ఈ కథ ముందు ఆయనకి పంపండి. గ్రూపుల్లో తర్వాత వేద్దురుగాని.