అవసరం లేని కారు

బల్గేరియాలోని మా నగరంలో ఈ చలికాలం నుంచి గాలిని శుభ్రం చేస్తున్నారు. ఎలాగంటే, పాత కార్లున్న పేదవాళ్ళని ఊరి నడిబొడ్డుకి రానివ్వకుండా.

నడిబొడ్డుకి వెళ్ళే దారిలో, గేటు దగ్గర రుమ్యానా కారుని పోలీసు ఆపాడు. ఆమె లోపలి ఆస్పత్రికి, డయాలిసిస్‌కి వెళ్తోంది. ఆలస్యమైతే మెషీన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"పొగెక్కువమ్మా. వెనక్కి తిప్పు."

వెనకే అదే రకం కారు, అదే ఏడాదిది, ఇంకా నల్లటి పొగతో వచ్చి ఆగింది. అందులో లోథార్. హాంబర్గ్ నుంచి ఇస్తాంబుల్ దాకా యూరప్ అంతా పాత కారులో చుడుతూ, నిరాడంబరంగా బతకడం నేర్చుకుంటున్న పెద్దమనిషి. పోలీసు సెల్యూట్ కొట్టాడు.

"ఆయనదేం, సాంబ్రాణి పొగా?" అంది రుమ్యానా.

"అది చారిత్రక వాహనం. సరదాకి మాత్రమే తిప్పుతారు. నీలా రోజూ అవసరానికి వాడితే వట్టి పాత కారే. రూలు మరి."

ఎక్కడికెళ్ళాలో ఆమెని అడిగి, లోథార్ జాలిపడి తలుపు తీశాడు. "రండమ్మా, ఆస్పత్రి దగ్గర దించుతాను."

ఆమె తన కారు పక్కన పెట్టి వచ్చి ఎక్కింది. పోలీసు అడ్డం వచ్చాడు.

"ఆస్పత్రికి అంటే అది అవసరం కిందికొస్తుంది సార్. అప్పుడు మీదీ చారిత్రకం కాదు. వదల్లేను."

లోథార్ ఆమెని చూడకుండానే, దిగమన్నట్టు తలుపు మీద చెయ్యేశాడు.

రుమ్యానా దిగలేదు. సూదులతో ఉబ్బిన చేతిని కోటులో దాచుకుని, రెండో చేత్తో లిప్‌స్టిక్ తీసి, అద్దంలో చూస్తూ పూసుకుంది.

"ఆస్పత్రేంటి నాయనా? పరదేశి, ఆయనకి చెప్పడం రాలేదు. మేమిద్దరం షికారుకెళ్తున్నాం."

"షికారుకైతే అభ్యంతరం లేదు," అని పోలీసు గేటెత్తాడు.