రేకుడబ్బా కోసం ఏడుపు

అంతరిక్ష నౌకను కాపాడి మరమనిషి ఆగిపోయింది. సిరీస్ అయిపోయింది. భార్య కళ్ళు ఒత్తుకుంటూంటే వెల్డరుకి ఒళ్ళు మండింది. ఆ మరమనిషి తెరమీద ఉంటే ఆవిడ కూర మాడిపోతున్నా లేచేది కాదు.

“ఆరు సీజన్లు చూపించి చివరికి చంపేస్తారా? చెత్త ముగింపు!” కూతురు రిమోట్ సోఫాలోకి విసిరింది.

“నాకు మాత్రం నచ్చింది,” అంది తల్లి ముక్కు చీదుతూ.

వెల్డరు ఉండబట్టలేకపోయాడు. “షాపులో నేను రోజూ అతికేది అలాంటి రేకులే! నన్ను గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే నీ కంట్లో చుక్క నీళ్ళు లేవు. ఆ రేకుడబ్బాకి ఇంత ఏడుపా?”

“ఆగిపోయే ముందు అది కెప్టెన్ చెయ్యి పట్టుకుని, ‘నాకు భయంగా ఉంది’ అంది. మీరేమన్నారు? స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని, ‘షాపుకి తాళం వేశావా?’ అన్నారు. ఇంక నేనేం ఏడవను?”

కూతురు నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

“తాళం నేనే వేసొచ్చాను,” అన్నాడు వెల్డరు, నల్లబడిన టీవీకేసి చూస్తూ. “ఏదో ఒకటి అడక్కపోతే నీ చెయ్యి వదిలేసి లోపలికి పోవాల్సొస్తుందని అడిగాను.”