వడ్డించే చెయ్యి

“డాక్టరే తప్పు రాశాడమ్మా. ఆయన్నే దిద్దమనండి,” అన్నాడు చక్రధర్, కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించి.

ఫహ్మీదా కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. పొద్దుట్నుంచి ఇది ఏడో గొడవ. ఆపరేషన్లకు ఇన్సూరెన్స్ అనుమతి తెప్పించే ఆ కౌంటర్‌లో పదకొండేళ్లుగా కూర్చుంటోంది. కత్తి పట్టే డాక్టర్లకన్నా కాగితం పట్టే తనకే ఎక్కువ తిట్లు పడతాయని ఆమెకెప్పుడో తెలిసిపోయింది. ఈ పరాయి దేశంలో తెలుగువాళ్లెవరొచ్చినా పక్క కౌంటర్ల వాళ్లు ఈమె దగ్గరికే తోలేస్తారు.

“డాక్టర్ థియేటర్ల ఉన్నడు సార్. ఏడింటిదాంక బయటికి రాడు. ఇన్సూరెన్సోళ్లు అయిదున్నరకు బంద్ చేస్తరు. ఇప్పుడు అయిదయింది.”

“అయితే?”

“అయితే రేపు పొద్దుగాల మేడమ్ ఆపరేషన్ లేదు. మళ్ల డేట్ మూడు వారాలకే.”

పక్కన కుర్చీలో కూర్చున్న చక్రధర్ భార్య గీతాంజలి తలెత్తి చూసింది. ఆమె ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు పట్టీలో నిటారుగా ఉన్నాయి. రెండు నెలల కిందట పచ్చడి సీసాలోకి చెయ్యి పెట్టి తోముతుంటే సీసా పగిలి, ఆ వేళ్లను ముడిచే టెండన్లు తెగిపోయాయి. కుట్టారు, మళ్లీ ఊడాయి. ఇప్పుడు ముంజేతిలోంచి వేరే టెండన్ తీసి అక్కడ అతకాలి. ఇంకా ఆలస్యమైతే ఆ వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టర్ తన ఉత్తరంలో గీత గీసి మరీ రాశాడు.

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట కూడా ఉంది. పేషెంటుది ఎడమచేతి వాటం అని. ఆస్పత్రిలో చేరే ఫారంలో చూస్తే కుడిచేతి వాటం అని ఉంది. రెండు కాగితాలూ రెండు రకాలుగా చెబుతున్నాయని ఇన్సూరెన్స్ కంపెనీ ఫైలు వెనక్కి కొట్టింది.

“ఫారం నింపిందెవరు సార్?”

“నేనే. మా ఇంట్లో ఏ ఫారమైనా నేనే నింపుతాను.”

“డాక్టర్ లెటర్ నేను ముట్టుకోవద్దు సార్. ఫారం అయితే మీరు దిద్దొచ్చు. కుడి కొట్టేసి ఎడమ అని రాయండి, మేడమ్ సంతకం పెడ్తది. అయిదు నిమిషాల్ల పంపిస్త.”

చక్రధర్ గొంతు తగ్గించాడు. “పని జరగాలని ఇన్సూరెన్స్ ఫారంలో లేనిది రాయమంటారా? నేను బ్యాంకులో కంప్లయన్స్‌లో పనిచేస్తానమ్మా. ఇలాంటివి రాసినవాళ్లని ఇంటికి పంపడమే నా ఉద్యోగం.”

“ఏమండీ...” అంది గీతాంజలి.

“నువ్వుండు గీతా, నేను మాట్లాడుతున్నాగా. కాసిని నీళ్లు తాగు.” బ్యాగులోంచి బాటిల్ తీసి, మూత తిప్పి, ఆమె కుడిచేతికి అందించాడు.

ఫహ్మీదాకు తన భర్త మంజూర్ గుర్తొచ్చాడు. తను మోకాలికి స్కాన్ తీయించుకోవడానికి వెళ్లిన రోజు ఆ మహానుభావుడు పుంగ్గోల్‌లో తమ ఇంటి కింద టాక్సీ ఎక్కించి, ‘అయినంక మెసేజ్ పెట్టు’ అని లిఫ్ట్ వైపు నడిచాడు. ఈయనేమో సెలవు పెట్టి, పెళ్లాం హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని మరీ తిరుగుతున్నాడు. పెట్టి పుట్టింది ఈవిడ.

“పోనీ మేడమ్‌నే అడుగుదాం సార్. మేడమ్, మీరు...”

“ఆమెనడిగేదేముందండీ?” చక్రధర్ నవ్వాడు. “ఇరవై నాలుగేళ్లుగా రోజూ ఈమె వడ్డిస్తే తింటున్నాను. ఏ చేత్తో వడ్డిస్తుందో నాకు తెలీదా? ఆ డాక్టర్ చూసింది పది నిమిషాలు! దెబ్బ ఎడమచేతికి కదా, ఆ ఊపులో వాటం కూడా ఎడమ అని కొట్టేసుంటాడు.”

అదీ నిజమేననిపించింది ఫహ్మీదాకు. మోకాలి ఆపరేషన్‌కు భుజం అని రాసి పంపినాయన్ని కూడా చూసిందామె.

“ఆ డాక్టర్ సెక్రటరీ నంబరివ్వండి, నేనే మాట్లాడతా,” అని చక్రధర్ ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. “నో, నో, నాట్ లెఫ్ట్. రైట్! షి ఈజ్ మై వైఫ్, ఐ నో,” అంటున్న మాటలు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి.

అయిదూ ఇరవై అయింది. ఇక ఇవాళ్టికి ఇంతేననుకుని ఫహ్మీదా ఫైలు మూయబోయింది.

“ఆ ఫారం ఇటియ్యమ్మా,” అంది గీతాంజలి, లేచి వచ్చి.

“సార్ ఒప్పుకుంటలేడు కద మేడమ్?”

“సంతకం నాదేగా.”

ఫహ్మీదా ఫారం, పెన్ను ముందుకు జరిపింది. గీతాంజలి పెన్నును కుడిచేత్తో అందుకుని, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుంది. ‘రైట్’ అన్న మాటను కొట్టేసి, పైన ‘లెఫ్ట్’ అని అచ్చు గుద్దినట్టు రాసింది. నొప్పికి పెదవి బిగబట్టి, పెన్ను ఎత్తకుండా సంతకం లాగేసింది.

ఫోన్ ముగించుకుని వచ్చిన చక్రధర్ ఆమె వెనకే ఆగిపోయాడు. కాసేపు ఆ చేతినీ, ఆ అక్షరాలనూ మార్చి మార్చి చూశాడు. ఇక అరుస్తాడనుకుంది ఫహ్మీదా. కానీ ఆయన మొహం సంబరంతో వెలిగిపోయింది.

“అరె గీతా! ఎడమచేత్తో రాయడం ఎప్పుడు నేర్చుకున్నావు?”